రంగస్థల నటి ఉత్తరాల పెట్టె: ఎలా విప్పాలి, ఎలా చదవాలి, ఎలా దాచాలి

ట్రంకు పెట్టె అటక మీంచి దిగిన రోజునే ఉత్తరాలన్నీ మంచం మీద గుమ్మరించి, పేరున్నవాళ్ళు రాసినవి ఒక పక్కకి, ‘మామూలువి’ ఇంకో పక్కకి వేయడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. ఆ గంటలో పోయేది తర్వాత ఏడాది కూర్చున్నా తిరిగి రాదు. ఏ ఉత్తరం పక్కన ఏది ఉందో, ఏది ఏ కవరులోదో, ఏ కట్టను ఆ నటి ఎందుకు విడిగా కట్టుకుందో అన్నీ చెరిగిపోతాయి. అందుకే మొదటి రోజు ఏమీ వేరు చేయకండి. పెట్టె మూత తెరిచి పైనుంచి ఫొటో తీయండి. ఒక్కో కట్ట తీసేటప్పుడు అది ఉన్న చోటనే ఇంకో ఫొటో తీయండి. కట్టకి దారం ఉంటే దారంతోనే, ప్లాస్టిక్ సంచిలో ఉంటే ఆ సంచి మీది దుకాణం పేరుతో సహా తీయండి. కట్టలకు క, చ, ట, త అని చీటీలు పెట్టండి. మొదటి రోజు పని అంతే.

నటి వేషాలు మానేశాక నడిచిన ఉత్తరాలు ప్రత్యేకమైనవి. రంగం మీద ఉన్న రోజుల్లో వచ్చిన కార్డులు పొట్టిగా ఉంటాయి: ఫలానా తేదీ, ఫలానా ఊరు, చంద్రమతి వేషం, నైట్‌కి ఇంత, బయానా మనీఆర్డరు చేశాం, ఏ బండికి దిగుతారో రాయండి. నాటకం ఎక్కడ, ఎప్పుడు ఆడారో తెలియడానికి అవి చాలు. ఎలా ఆడారో తెలిసేది మాత్రం మోకాళ్ళ నొప్పులు మొదలై, ప్రయాణాలు తగ్గి, తీరిగ్గా కూర్చుని నాలుగు పేజీలు రాసుకున్న రోజుల్లోని ఉత్తరాల్లోనే. ఒక కుర్ర నటి ఫలానా పద్యం ఏ రాగంలో ఎత్తుకోవాలో అడుగుతుంది. ఈమె జవాబు రాస్తుంది. పాత సహనటుడు ‘ఆ రాత్రి పెట్రోమాక్స్ ఆరిపోతే మీరు ఏ పద్యంతో నెట్టుకొచ్చారు’ అని గుర్తుచేస్తాడు. పద్యనాటకం గురించి అచ్చులో దొరకని విషయాలు ఇలాంటి చోట ఉంటాయి.

చిక్కేమిటంటే, ఆమె పెట్టెలో ఉన్నవి ఆమెకు వచ్చినవి. ఆమె రాసినవి వేరేవాళ్ళ పెట్టెల్లో ఉన్నాయి. అసలు విలువైన సగం అదే. పెట్టె సర్దడం ఆ రెండో సగాన్ని వెతకడానికి కావలసిన చిరునామాల పుస్తకం తయారు చేసుకోవడం లాంటిది. కింద చెప్పేదంతా ఆ దృష్టితో చదవండి.

తీగకు గుచ్చిన ఉత్తరాలు

వంటింటి గోడకో వసారా దూలానికో వేలాడే కొక్కెం తీగకు ఉత్తరాలు గుచ్చడం పాత అలవాటు. తీగ మీద అట్టడుగున ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. తేదీ లేని కార్డుకి పైనా కిందా ఉన్నవాటి తేదీలే ఆధారం. కాబట్టి తీగ నుంచి తీసేటప్పుడు పైనుంచి ఒక్కొక్కటే తీస్తూ, తీసిన వరసలోనే నంబరు వేయండి. తీగ తుప్పు పట్టి కాగితాన్ని పట్టుకుంటే లాగవద్దు. తీగను కటింగ్ ప్లేయరుతో కొక్కెం దగ్గర కత్తిరించి, కాగితాన్ని కదలనివ్వకుండా తీగను కిందికి జార్చండి. కన్నం చుట్టూ తుప్పు మరక ఉంటుంది. దాన్ని రుద్దితే కన్నం పెద్దదవుతుంది, అలాగే వదిలేయాలి.

గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు కూడా తుప్పు పట్టి కాగితంలోకి దిగి ఉంటాయి. పిన్నుకీ కాగితానికీ మధ్య పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, పిన్ను కాళ్ళు వెనకవైపు నిటారుగా లేపి, అప్పుడు బయటికి తీయండి. రబ్బరు బ్యాండ్లు మన ఎండలకు కరిగి, తర్వాత గట్టిపడి అంటుకుపోతాయి. వాటిని పెట్రోలుతోనో గోళ్ళరంగు తుడిచే ద్రవంతోనో వదిలించబోతే సిరా కూడా వెంట వస్తుంది. మొద్దు అంచు ఉన్న చెంచా కాడతో ఎండిన ముక్కలు రాలినంత వరకే రాల్చండి.

దుమ్ము, బూజు, వేషం రంగులు

ఉత్తరాలున్న పెట్టెలోనే మేకప్ సామాను ఉంటే ముందుగా జాగ్రత్తపడాల్సింది మీ ఆరోగ్యం గురించి. పాతకాలం వేషాల్లో పసుపుపచ్చ రంగుకి అరిదళం వాడేవాళ్ళు. అది ఆర్సెనిక్ సమ్మేళనం. కాగితాల మీద పచ్చటి, తెల్లటి పొడి కనిపిస్తే ఊదవద్దు, ఇంట్లో వాక్యూమ్ క్లీనరు పెట్టవద్దు. ఎన్95 మాస్కు, రబ్బరు చేతితొడుగులు వేసుకుని, పాత పేపరు పరిచి, మెత్తటి వెడల్పు కుంచెతో మధ్య నుంచి అంచుల వైపు తుడవండి. ఆ పేపరును పొట్లం కట్టి పిల్లలకు అందకుండా తీసేయండి. మామూలు దుమ్మే అయితే తొడుగులు అక్కర్లేదు. కడిగి పూర్తిగా ఆరిన చేతులు చాలు, తొడుగులతో పట్టు తెలియక కాగితం చిరుగుతుంది.

చెమ్మ తగిలి బూజు పట్టినవాటిని మిగతా వాటితో కలపకుండా విడిగా పెట్టండి. వీటిని డాబా మీద ఎండబెట్టాలని ఎవరైనా సలహా ఇస్తారు. వడియాలకు పనికొచ్చే ఎండ సిరాకు పనికిరాదు. ఫౌంటెన్ పెన్ను నీలం సిరా ఎండకు వెలిసిపోతుంది, నీటికి పాకిపోతుంది. నీడలో, గాలి ఆడే గదిలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టి, బూజు పూర్తిగా ఎండి పొడి అయ్యాక ఆరుబయట మాస్కు వేసుకుని దులపండి. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే బూజు కాగితం పీచులోకి దిగుతుంది.

పురుగు ఉందని అనుమానం వస్తే కట్టను రెండు జిప్ కవర్లలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీలు చూపించే డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. ఇంట్లో ఫ్రిజ్ పై అర అంత చల్లబడకపోవచ్చు, ముందు థర్మామీటరు పెట్టి చూడాలి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పవద్దు. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద గాలిలోని చెమ్మ నీటిబొట్లుగా దిగుతుంది.

కలరా ఉండలు వేయకండి. వాటి ఆవిరి పెద్దవాళ్ళ ఊపిరితిత్తులకు మంచిది కాదు, వాసన కాగితానికి ఏళ్ళ తరబడి పట్టేస్తుంది. వేపాకు పాత పద్ధతే, కానీ సరిగా ఎండని ఆకు కాగితం మీద మరక వేస్తుంది. లామినేషన్ మాత్రం ఎవరు చెప్పినా చేయించవద్దు. ప్రేమకొద్దీ చేసే పనుల్లో ఇంతకంటే నష్టం కలిగించేది లేదు. వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను మళ్ళీ విడదీయలేం. సెల్లోటేపు కూడా అంతే, పదేళ్ళకు టేపు ఊడిపోయి జిగురు మాత్రం గోధుమరంగు చారగా మిగులుతుంది. చిరిగిన ముక్కలను అతకకుండా, మడిచిన తెల్లకాగితంలో కలిపి పెట్టడం మేలు.

నంబరు, పట్టిక

హెచ్‌బీ పెన్సిలుతో, వెనకవైపు కింది మూల, చిన్నగా, నొక్కకుండా నంబరు వేయండి. పెన్ను వద్దు. 0001 నుంచి వరసగా వేసుకుంటూ వెళితే చాలు. సంవత్సరాన్ని బట్టో మనిషిని బట్టో నంబర్లు కట్టుకుంటే, తేదీ తప్పని తేలిన ప్రతిసారీ అన్నీ మార్చాల్సి వస్తుంది. కవరుకి అదే నంబరు, పక్కన ‘కవ’ అని. కవరులో ఉత్తరంతో పాటు ఫొటో, పేపరు కటింగు, పూజ అక్షింతల పొట్లం ఏది వచ్చినా అదే నంబరుకి 1, 2 చేర్చండి. కవరు పారేయడమంటే తేదీని, ఊరిని, ఆమె అప్పటి చిరునామాను పారేయడమే.

పట్టికను కంప్యూటరులో పెట్టుకున్నా, లాంగ్ నోట్‌బుక్‌లో గీసుకున్నా ఈ గడులు ఉండాలి: నంబరు, ఏ కట్టలోది, రాసిన తేదీ, పోస్టు ముద్ర తేదీ, ముద్రలోని ఊరు, ఎవరు, ఎవరికి, కార్డా ఇన్లాండా కవరా, ఎన్ని కాగితాలు, భాష, ఉత్తరంలో వచ్చిన నాటకాలూ వేషాలూ, మనుషులు, ఊళ్ళు, ఎవరికైనా చూపించవచ్చా లేదా, ఆమె చెప్పిన మాట. చివరి రెండు గడులు చాలామంది పెట్టుకోరు, తర్వాత బాధపడతారు. ఒక వరస ఇలా ఉంటుంది: ‘0147. ట కట్ట. తేదీ లేదు. ముద్ర 14-3-1998, తెనాలి. సహనటి నుంచి. ఇన్లాండు, 1. తెలుగు. సత్యభామ వేషం, పద్యం ఎత్తుగడ గురించి. చూపవచ్చు. ఆమె జవాబు రాసిందట, అది తెనాలిలో ఉండాలి.’ ఈ ఆఖరి ముక్కే రెండో సగానికి దారి.

పెద్దవయసులో కళ్ళు తగ్గాక ఉత్తరాలు మనవలు రాసిపెడతారు. చేతిరాత మారింది కదా అని వేరే మనిషి ఖాతాలో వేయకండి. ‘చెప్పినది ఈమె, రాసినది ఫలానా’ అని రెండూ రాయండి. పెళ్ళిపత్రికల వెనక, క్యాలెండరు కాగితాల వెనక ఆమె రాసుకున్న చిత్తుప్రతులు దొరుకుతాయి. కొట్టివేతలతో నిండిన ఆ కాగితాలు చెత్తలా కనిపిస్తాయి, కానీ పంపిన ఉత్తరం ఇక ఎప్పటికీ దొరకకపోతే మిగిలే ప్రతి అదే.

తేదీ పట్టుకోవడం

మొదటి ఆధారం పోస్టు ముద్ర. కనిపించకపోతే పక్క నుంచి టార్చిలైటు వేసి చూడండి, సిరా వెలిసినా నొక్కు కనిపిస్తుంది. పంపిన ఊరి ముద్ర, చేరిన ఊరి ముద్ర రెండూ ఉంటే రెండూ రాసుకోండి. ఒక్క ముద్రే ఉంటే అది ఏ ఊరిదో చూడకుండా ‘రాసిన తేదీ’ గడిలో వేయకండి.

స్టాంపు మీద నయా పైసలని ఉంటే ఆ ఉత్తరం 1957 ఏప్రిల్ కంటే ముందుది కాదు. ‘నయా’ అన్న మాట 1964లో తీసేశారు. పిన్‌కోడు వచ్చింది 1972 ఆగస్టు 15న. చిరునామాలో ‘హైదరాబాద్-500020’ అని ఉంటే ఆ తర్వాతదే. ‘హైదరాబాద్-20’ అని మాత్రమే ఉంటే ముందుది అని మాత్రం చెప్పలేం, ఎందుకంటే పెద్దవాళ్ళు ఆ పొట్టి అంకెను చాలా ఏళ్ళు వదల్లేదు. ఈ తేడా మరిచిపోవడం వల్ల ఉత్తరాలు ఇరవై ఏళ్ళు వెనక్కి పోతాయి. లెటర్‌హెడ్ మీద ఫోను నంబరుంటే కోడు చూడండి: 0842 ఉంటే ఆ కాగితం హైదరాబాదు కోడు 040 కాకముందు అచ్చయింది. అయితే పాత లెటర్‌హెడ్ కాగితాలు అయిపోయేదాకా వాడతారు, కాబట్టి ఇది కూడా ‘దీనికంటే ముందు కాదు’ అనడానికే పనికొస్తుంది.

పాతకాలం మనుషులు ఇంగ్లీషు తేదీ బదులు సంవత్సరం పేరు, తిథి వేస్తారు. ప్రభవ 1987 ఉగాదితో మొదలైంది. అక్కడి నుంచి లెక్కపెడితే విభవ 1988, శుక్ల 1989, అలా ధాత 1996, వ్యయ 2006. ఇక్కడ దొర్లే తప్పు ఒక్కటే. ధాత నామ సంవత్సరం మాఘమాసం అంటే 1996 కాదు, 1997 మొదట్లో. ఉగాది నుంచి ఏడాది మొదలవుతుంది కదా. మాఘం, ఫాల్గుణం వస్తే ఒకటి కలపాలి. పుష్యమాసమైతే డిసెంబరా జనవరా అన్నది పంచాంగం చూసే రాయాలి.

మీరు ఊహించిన తేదీని చదరపు కుండలీకరణంలో, ప్రశ్నార్థకంతో వేయండి: [1996?]. ఉత్తరంలో ఉన్న తేదీకీ మీ లెక్కకీ తేడా రేపు చదివేవాళ్ళకు తెలియాలి.

ఆకాశవాణి కాంట్రాక్టు కాగితాలు దొరికితే వదలకండి. వాటిలో కార్యక్రమం తేదీ, నిడివి, పారితోషికం అచ్చులో ఉంటాయి. వాటి చుట్టూ మిగతా ఉత్తరాలను వరస పెట్టుకోవచ్చు.

సంబోధనలూ, రంగస్థలం మాటలూ

కవరు మీద ఆమె పేరుకి ముందున్న రెండు మూడు అక్షరాలు చాలా చెబుతాయి. మ.రా.రా.శ్రీ (మహారాజరాజశ్రీ) అని నాటక సమాజం వాళ్ళకు రాస్తే మర్యాద. చి.ల.సౌ. (చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి) అని రాస్తే రాసినవాళ్ళు పెద్దవాళ్ళు, ఆమె సుమంగళి. ఒక ఏడాది నుంచి అదే మనిషి గం.భా.స. (గంగా భాగీరథీ సమానురాలు) అని రాయడం మొదలుపెడితే ఆ మధ్యలో భర్త పోయారని అర్థం. చెప్పకుండానే ఒక తేదీ దొరుకుతుంది. ఆ విషయం ఆమెతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ మూడక్షరాలు చదివి వినిపించకండి. ఆ సంబోధనను చూసి నొచ్చుకున్న స్త్రీలు ఎందరో ఉన్నారు.

అశుభ వార్త తెచ్చిన కార్డును చదవగానే చించేయడం మన ఆచారం. కాబట్టి సహనటుల మరణవార్తలు పెట్టెలో దొరకవు. రాలేదనుకోకండి. ఆ తర్వాత పదిహేను రోజుల్లో వచ్చిన ఉత్తరాల్లో ‘మీరు రాసిన ఓదార్పు’ లాంటి మాట కోసం చూడండి. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డులు దీనికి ఎదురు: పెళ్ళి, సీమంతం, కొత్త సమాజం ప్రారంభం. ఆ పసుపును తుడిచేయకండి.

ఒకే మనిషికి నాలుగు పేర్లు ఉంటాయి. ఇంటిపేరు, ఊరి పేరు, సమాజం పేరు, వేషం పేరు. సురభి వాళ్ళ విషయంలో ఇది ఇంకా ఎక్కువ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక కుటుంబాల వాళ్ళు ఊరి పేరునే ఇంటిపేరులా వాడుకుంటారు, కాబట్టి ‘సురభి’ అన్నంత మాత్రాన ఇద్దరు మనుషులు ఒక్కరు కారు. ఎవరో ‘మా రెండో కృష్ణుడు’ అని రాస్తే అది చమత్కారం కాదు. కంట్రాక్టరు వేర్వేరు చోట్ల నుంచి నటులను కుదుర్చుకుని ఆడించే కంట్రాక్టు నాటకాల్లో ఒకే పాత్రను ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు పంచుకునేవారు. ‘కాటిసీను నాదే’ అంటే హరిశ్చంద్ర నాటకంలో శ్మశానం ఘట్టం తన వంతు అని. దాన్ని చావు కబురుగా పట్టికలో ఎక్కించుకునే ప్రమాదం ఉంది. ‘5½కి సర్దమని చెప్పండి’ అంటే సాయంత్రం అయిదున్నరకి అని కాదు, హార్మోనియం ఐదున్నర శ్రుతికి అని. ఆ అంకెను వదలకుండా రాసుకోండి. వయసుతో పాటు శ్రుతి అయిదున్నర నుంచి అయిదుకీ, నాలుగున్నరకీ దిగడం ఉత్తరాల వరసలో కనిపిస్తే, గొంతు ఎప్పుడు బరువెక్కిందో తెలుస్తుంది.

హైదరాబాదు నటికి వచ్చిన ఉత్తరాల్లో ఉర్దూ, కన్నడం, మరాఠీ కూడా ఉంటాయి. చదవలేని భాషలో ఉన్నది ‘వ్యక్తిగతం’ అని పక్కన పెట్టకండి, చదివించండి.

ఆమెతో కూర్చోవడం

ఆమె ఉన్నారు, మాట్లాడగలరు అంటే మిగతా పనులన్నీ ఆపి ఇది ముందు చేయండి. బూజును ఆరు నెలలు ఆపవచ్చు. కాఫీ అయ్యాక, పొద్దున పది గంటల లోపు, నలభై అయిదు నిమిషాలకు మించకుండా కూర్చోండి. రోజుకి ఆరేడు ఉత్తరాలు చాలు. అసలు కాగితం చేతికిస్తే నీళ్ళ గ్లాసు, వణికే చేయి, కన్నీళ్ళు అన్నీ దాని మీదకే వస్తాయి. ముందుగా ఏ3 కాగితం మీద పెద్దది చేసి తీసిన జిరాక్సు ఇవ్వండి. రికార్డరు పెడుతున్నామని చెప్పి, ఒప్పుకున్నాకే పెట్టండి. రికార్డింగు మొదట్లో తేదీ, ఉత్తరం నంబరు మీరే గట్టిగా చదవండి.

‘ఇది ఏ సంవత్సరం అమ్మా?’ అని అడిగితే ‘ఏమో నాయనా’ అనే వస్తుంది. రంగస్థలం మీద బతికినవాళ్ళ జ్ఞాపకం సంవత్సరాలతో నడవదు. ‘ఆ రాత్రి హార్మోనియం ఎవరిది? ఎదురు వేషం ఎవరు? నాటకం అయ్యేసరికి తెల్లారిందా? ఎక్కడ దిగారు?’ అని అడగండి. హార్మోనిస్టు పేరు దొరికితే సమాజం, సమాజం దొరికితే ఏళ్ళు తేలిగ్గా దొరుకుతాయి. ఉత్తరంలో పద్యం మొదటి రెండు మాటలే రాసి చుక్కలు పెట్టి ఉంటే, మిగతాది ఆమె చేత చెప్పించండి. వీలైతే పాడించండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో, వన్స్‌మోర్ కోసం ఎక్కడ ఆపుతున్నారో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఆమె తప్పు చెబుతున్నారని మీకు తెలిసినా అక్కడికక్కడే సరిదిద్దకండి, మాట ఆగిపోతుంది. చెప్పింది చెప్పినట్టు రాసి, ముద్ర తేదీ వేరే ఉందని పక్క గడిలో రాసుకోండి.

కొన్ని ఉత్తరాలు చూసి ‘ఇది వద్దు’ అంటారు. అప్పుడు వాదించకండి, చించనూ వద్దు. ఆమె ఎదుటే కవరులో పెట్టి, మూసి, ఎన్నేళ్ళ దాకా తెరవకూడదో ఆమె చెప్పిన అంకెను పైన రాసి, సంతకం చేయించండి. ఈ ఏర్పాటు ఉందని తెలిస్తే చింపమని అడిగేవాళ్ళు కూడా చాలాసార్లు మనసు మార్చుకుంటారు.

రెండో సగం వెతకడం

పట్టికలో ‘ఎవరు’ గడిని తిరగేసి, మూడు ఉత్తరాలకు మించి రాసినవాళ్ళ జాబితా తీయండి. వాళ్ళే ఆమె జవాబులు అందుకున్నవాళ్ళు. అందరికంటే ముందు హార్మోనిస్టుల ఇళ్ళు పట్టుకోండి. అన్ని సమాజాలతో తిరిగినవాళ్ళు కాబట్టి ఎవరి పిల్లలు ఎక్కడున్నారో వాళ్ళ ఇళ్ళలో తెలుస్తుంది. తర్వాత నాటక పోటీలు నడిపే పరిషత్తుల నిర్వాహకుల ఇళ్ళు, ఆ తర్వాత ఆమెను అడిగి నేర్చుకున్న కుర్ర నటులు. ఈ చివరివాళ్ళ దగ్గరే పద్యం, నడక, చూపు గురించి రాసిన నాలుగు పేజీల ఉత్తరాలు ఉంటాయి. నగరంలో అయితే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో రవీంద్రభారతిలోనో పద్యనాటకం ఉన్న సాయంత్రం గంట ముందు వెళ్ళి మేకప్ గది దగ్గర అడగండి. పది ఫోన్లకు దొరకని చిరునామా అక్కడ దొరుకుతుంది. లింగంపల్లిలో సురభి కుటుంబాలు ఉన్నాయి, అక్కడా అడగండి.

ఫోనులో ‘మీ దగ్గర ఉత్తరాలు ఉన్నాయా’ అని అడిగితే వెంటనే ‘లేవు’ అనే జవాబు వస్తుంది. ముందు ఉత్తరమే రాయండి, వారం తర్వాత ఫోను చేయండి. ఇలా రాయవచ్చు:

‘గౌరవనీయులైన ఫలానా గారికి నమస్కరించి వ్రాయునది. మా అమ్మమ్మగారు మీ నాన్నగారితో కలిసి నాటకాలు వేశారు. 1990 తర్వాత మీ నాన్నగారు మా అమ్మమ్మగారికి రాసిన పదకొండు ఉత్తరాలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటి నకళ్ళు దీనితో పంపుతున్నాము, అవి మీకే. అమ్మమ్మగారు జవాబుగా రాసినవి మీ ఇంట ఉండివుంటే చూడాలని కోరిక. అసలు కాగితాలు మాకు వద్దు. మీ ఇంటికే వచ్చి, మీ ఎదుటే ఫొటోలు తీసుకుని, ఒక ప్రతి మీకు ఇచ్చి వెళ్తాము. బయటికి రాకూడదని మీరు అన్నవి పక్కన పెడతాము.’

ముందు మనం ఇవ్వడం ఇందులో ముఖ్యం. తండ్రి చేతిరాత చూసుకున్నవాళ్ళు అటక ఎక్కడానికి బద్ధకించరు. స్పీడ్‌పోస్టులో పంపి రసీదు పట్టికకు కుట్టుకోండి.

స్కానింగు

కాగితానికి రెండు వైపులా, రంగుల్లో, 400 డీపీఐలో, టిఫ్ ఫైలుగా తీయండి. పెన్సిలు రాతలకూ ఫొటోలకూ 600. ఏ4 కాగితం ఒక వైపు 400లో సుమారు 46 ఎంబీ వస్తుంది, వెయ్యి వైపులకు 46 జీబీ. ఆ లెక్కతో హార్డ్‌డిస్కులు రెండు కొనండి, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. ఇన్లాండును పూర్తిగా విప్పి ఒకసారి, అంటించే మడత మీది రాత కోసం ఇంకోసారి తీయాలి. చోటు అయిపోయాక అంచుల వెంట తిప్పి తిప్పి రాసేస్తారు, అసలు కబురు తరచూ అక్కడే ఉంటుంది. మడత నలిగితే ఇస్త్రీ పెట్టవద్దు, రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి బరువు కింద నాలుగు రోజులు ఉంచండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిన్నదైపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. ఫ్యాక్సు కాగితాలు అన్నిటికంటే ముందు స్కాన్ చేయండి, ఆ అక్షరాలు వాటంతట అవే మాయమవుతాయి.

దాచడం

ఒక్కో ఉత్తరానికి ఆమ్లం లేని కాగితంతో మడత, పది పన్నెండు మడతలకు ఒక అట్టపెట్టె. పెట్టెను ఇనుప బీరువాలో పెట్టినా గోడకి ఆనించకుండా, నేలకి అరడుగు ఎత్తులో ఉంచండి. బాత్రూము గోడకు అవతలి వైపు, పై అంతస్తు నీటి ట్యాంకు కింద వద్దు. హైదరాబాదులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో చెమ్మే శత్రువు. కోఠీ గుజరాతీ గల్లీలో చిన్న డిజిటల్ చెమ్మ మీటరు కొని పెట్టెలో వేయండి. 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు వస్తుంది. సిలికా జెల్ సంచులు వేస్తే నీలం గులాబీగా మారిన వెంటనే తీసి, 120 డిగ్రీల ఓవెన్లో రెండు గంటలు ఆరబెట్టాలి. మార్చకుండా వదిలేసిన సంచి వల్ల ఉపయోగం లేదు.

అచ్చు వేయాలన్నా, ఎక్కడైనా ఇవ్వాలన్నా

ఉత్తరం కాగితం అందుకున్నవారిది. అందులోని మాటల హక్కు రాసినవారిది, తర్వాత వారి వారసులది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు రాసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. వారు పోయాక మొదటిసారి అచ్చయితే అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. కాబట్టి ఆమె పెట్టెలో ఉన్నవాటిని అచ్చు వేయాలంటే రాసినవాళ్ళ, వాళ్ళు లేకపోతే వారి వారసుల లిఖిత అనుమతి కావాలి. ఆమె రాసినవాటికి ఆమె అనుమతి, ఆమె లేకపోతే వారసులుగా మీ అనుమతి చాలు, కానీ కాగితం ఉన్న ఇంటివాళ్ళను అడగడం మర్యాద. చట్టం అడ్డు చెప్పని చోట కూడా ఒక హద్దు ఉంది. సహనటి పుట్టుక, కులం, ఎవరి సంరక్షణలో పెరిగింది, అప్పులు, గర్భాలు, ఇవి ఆమె తన నోటితో లోకానికి చెప్పుకుని ఉంటే తప్ప బయటికి రాకూడదు. రంగస్థల స్త్రీలు ఆ మాటలు ఒక జీవితకాలం పడ్డారు.

ఇంట్లో చూసుకునేవాళ్ళు లేకపోతే సుల్తాన్ బజారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తార్నాక రాష్ట్ర పురాలేఖన కేంద్రం, తెలుగు విశ్వవిద్యాలయం, ఇలా ఒక్కొక్క చోటా అడిగి చూడండి. ఎక్కడ అడిగినా ఈ ప్రశ్నలు కాగితం మీద అడగండి: ఈ ఉత్తరాలను ఒకే సముదాయంగా ఉంచుతారా, పుస్తకాల్లో కలిపేస్తారా? మా నంబర్లు అలాగే ఉంచుతారా? మూసిన కవర్ల గడువు పాటిస్తారా? మేమే స్కాన్లు ఇస్తే అసలువి పాఠకుల చేతికి ఇవ్వకుండా ఉంటారా? నీళ్ళు దిగితే ఎవరికి కబురు చేస్తారు? సరైన జవాబు వస్తేనే దానపత్రం రాయండి. అందులో పట్టిక మొత్తం జతచేసి, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు చేయించి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఇచ్చిన తర్వాత తెనాలి నుంచో ప్రొద్దుటూరు నుంచో రెండో సగంలోని ఉత్తరాల నకళ్ళు వస్తూనే ఉంటాయి. వాటికి పట్టికలో చివరి నంబరు తర్వాత నుంచి నంబర్లు వేసి, ‘నకలు, అసలు ఫలానా ఇంట’ అని రాసి, ఆర్నెల్లకోసారి అక్కడికి చేర్చండి.